దారిపొడవునా డిటెక్టివ్: రోజూ ప్రయాణంలో క్రైమ్ సిరీస్ ఎలా వినాలి

ప్రయాణంలో నేను ఆడియోబుక్‌గా విన్న మొదటి డిటెక్టివ్ నవలలో రెండో అధ్యాయానికే మూడు శవాలు లేచాయి. ఎవరెవరో కొత్త మనుషులు, ఎప్పుడో జరిగిన గొడవ గురించి ఒకరినొకరు నిలదీసుకుంటున్నారు. రచయిత కావాలనే కథని ఇలా ముక్కలు చేశాడు కాబోలు, ముందు ముందు ముడి విప్పుతాడు అనుకుని రెండు రోజులు మెచ్చుకుంటూ విన్నాను. మూడో రోజు అసలు సంగతి తెలిసింది. ఫోన్ ఒకటో ఫైలు అయిపోగానే పదో ఫైలు పెట్టింది, తర్వాత పదకొండు, పన్నెండు. ఫైళ్ల పేర్లు 01, 02 అని కాకుండా 1, 2 అని ఉంటే కొన్ని ప్లేయర్లు వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చూసి పేరుస్తాయి. అప్పుడు 1 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది. మూడో రోజుకి హంతకుడెవరో నాకు తెలిసిపోయింది. చంపింది ఎవర్నో మాత్రం తెలియలేదు.

పుస్తకం చేతిలో ఉంటే ఇలా జరగదు. అనుమానం వస్తే నాలుగు పేజీలు వెనక్కి తిప్పుతాం. చెవికి ఆ వెసులుబాటు లేదు, విన్నది విన్నట్టే జారిపోతుంది. పైగా ప్రయాణం కథని రోజుకి రెండుసార్లు తెగ్గొడుతుంది. క్రైమ్ నవలేమో మొత్తం జ్ఞాపకం మీదే నడుస్తుంది: ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏం అన్నారు, ఏం అనలేదు. అయినా ఈ జంట కొత్తగా కుదిరింది కాదు. 1935 నవంబర్‌లో బ్రిటన్‌లో చూపులేని వారి కోసం రికార్డుల మీద మాట్లాడే పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు, మొట్టమొదట విడుదలైన వాటిలో అగాథా క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ ఉంది. అంటే అపరాధ పరిశోధన చెవికెక్కి దాదాపు తొంభై ఏళ్లయింది. కాస్త ముందుచూపుతో మొదలుపెడితే మీ ప్రయాణానికీ కుదురుతుంది.

1. ముందు మీ దారిని కొలవండి

ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా ఎంతసేపు పడుతుందన్నది లెక్క కాదు. అందులో చెవి ఖాళీగా ఉండే సమయం ఎంత? క్యూలో నిలబడటం, బండి మారడం, ఫోన్ మాట్లాడటం, పలకరింపులు తీసేస్తే 50 నిమిషాల ప్రయాణంలో 35 మిగలవచ్చు. వారం రోజులు గమనించి ఆ అంకె రాసుకోండి.

ఆడియోబుక్‌లో గంటకి సుమారు 9 వేల మాటలు చదువుతారు. 90 వేల మాటల మామూలు నవల పది గంటలు నడుస్తుంది. రానూ పోనూ కలిపి రోజుకి 70 నిమిషాలు వింటే తొమ్మిది పనిదినాల్లో ఒక నవల అవుతుంది. పది పుస్తకాల సిరీస్ అంటే నాలుగు నెలలు. లైబ్రరీ యాప్‌లో అరువు తెచ్చుకునేవారికి ఈ లెక్క మరీ ముఖ్యం. గడువు తీరి పుస్తకం మాయమయ్యేది సరిగ్గా విచారణ గదిలో నిందితుడు నోరు విప్పబోతున్నప్పుడే.

మీ దారి పదిహేను, ఇరవై నిమిషాలే అయితే పెద్ద నవల జోలికి పోకండి. షెర్లాక్ హోమ్స్‌వి 56 చిన్న కథలున్నాయి, నవలలు నాలుగే. ఆ కథలు 1891 నుంచి పత్రికలో ఒక్కొక్కటిగా వచ్చినవి, దేనికదే పూర్తవుతుంది. చాలావరకు గంట లోపే. పొద్దున మొదలుపెట్టిన కేసు ఒకటి రెండు రోజుల్లో తేలిపోతుంది. దారి కొంచెం పొడవైతే సిమెనాన్ రాసిన పోలీసు డిటెక్టివ్ మెగ్రే నవలలు బాగుంటాయి. 75 నవలలు, ఒక్కోటి చిన్నది. రోజూ గంటన్నర దొరికేవారు మాత్రం ఎంత లావు పుస్తకానికైనా భయపడక్కర్లేదు.

2. సిరీస్ ఎంచుకోండి, వరస తప్పకండి

విడి నవలల కన్నా సిరీస్ ప్రయాణానికి ఎందుకు నప్పుతుందంటే, ఏ నవలకైనా మొదటి గంట బరువైనది. మనుషులు, ఊరు, వాళ్ల మాటతీరు అన్నీ కొత్త. సిరీస్‌లో ఆ బరువు ఒక్కసారే మోస్తారు. రెండో పుస్తకం మొదలయ్యేసరికి డిటెక్టివ్ గొంతు వినగానే వాడి ఇల్లు, వాడి పై అధికారి, వాడి కోపం అన్నీ గుర్తొస్తాయి. కిక్కిరిసిన బండిలో నిలబడి సగం మనసుతో వింటున్నా కథలోకి జారిపోగలుగుతారు.

సిరీస్‌లు రెండు రకాలు. కొన్నిటిలో డిటెక్టివ్ మారడు, కేసులే మారతాయి. ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. అగాథా క్రిస్టీ డిటెక్టివ్ ఎర్క్యూల్ ప్వారో నవలలు చాలావరకు ఏ వరసలోనైనా వినవచ్చు, నిజమే. కానీ 1937లో వచ్చిన ‘డంబ్ విట్‌నెస్’లో ప్వారో మాటల మధ్య పాత కేసుల హంతకుల పేర్లు వరసగా చెప్పేస్తాడు. ముందు నవలలు వినకుండా అది పెట్టుకుంటే నాలుగు పుస్తకాల గుట్టు ఒక్క వాక్యంలో రట్టవుతుంది. అలాగే 1975లో వచ్చిన ‘కర్టెన్’ ప్వారో ఆఖరి కేసు, దాన్ని చివరికే ఉంచుకోవాలి.

రెండో రకంలో డిటెక్టివ్ జీవితం కూడా కథే. పెళ్లిళ్లు పెటాకులవుతాయి, తోటి పోలీసులు చచ్చిపోతారు, వయసు మీద పడుతుంది. స్వీడన్ జంట మాయ్ షోవల్, పెర్ వాలూ 1965 నుంచి 1975 దాకా రాసిన పది మార్టిన్ బెక్ నవలలూ ఒకే పెద్ద కథగా తలచి రాసినవి. 1987లో మొదలైన ఇయన్ రాంకిన్ ఇన్‌స్పెక్టర్ రీబస్ క్యాలెండర్‌తో పాటే ముసలివాడవుతూ 2007 నవలలో రిటైర్ అవుతాడు. ఇలాంటివి మధ్యలో ఎక్కితే కేసు అర్థమవుతుంది గానీ మనుషులు అర్థం కారు.

రెండు రకాలకూ ఒకటే పద్ధతి చెబుతాను: పుస్తకాలు అచ్చయిన వరసలో వినండి. యాప్‌లు కొత్తవాటినో, ఎక్కువ అమ్ముడైనవాటినో ముందు చూపిస్తాయి, ఆ వరస నమ్మకండి. డిటెక్టివ్ కుర్రతనం గురించి తర్వాతెప్పుడో రాసిన పుస్తకం ఉంటే, కథాకాలం ముందుది కదా అని ముందు వినకండి. మీరు ఇప్పటికే వాడిని ఎరుగుదురన్న ధైర్యంతో రాస్తారు దాన్ని. ఇంకోటి, ఒకే నవల బ్రిటన్‌లో ఒక పేరుతో, అమెరికాలో ఇంకో పేరుతో రావడం మామూలే. 1933 నాటి ‘లార్డ్ ఎడ్జ్‌వేర్ డైస్’, ‘థర్టీన్ ఎట్ డిన్నర్’ రెండూ ఒకటే పుస్తకం. రెండుసార్లు కొనకండి.

తర్వాతి పుస్తకాల వెనక అట్ట రాతలు చదవకపోవడం మంచిది. ఏడో పుస్తకం పరిచయంలో ‘భార్య హత్య నుంచి ఇంకా తేరుకోని ఇన్‌స్పెక్టర్’ అని మొదటి వాక్యమే ఉంటుంది. మీరేమో మూడో పుస్తకంలో ఆవిడతో పరిచయం పెంచుకుంటూ ఉంటారు.

3. గొంతుని పరీక్షించండి

కథ ఎంత బాగున్నా చదివే గొంతు పడకపోతే పదో నిమిషంలో మనసు కిటికీ బయటికి పోతుంది. శాంపిల్ దాదాపు ప్రతి ఆడియోబుక్‌కీ ఉంటుంది. దాన్ని ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుని కాకుండా మీరు రోజూ వెళ్లే బండిలో, ఆ రొదలోనే వినండి. కొందరు నేరేటర్లు గుసగుసని నిజంగానే గుసగుసలాడతారు, అరుపుని నిజంగానే అరుస్తారు. ఇంట్లో అది గొప్ప నటన. ఇంజన్ మోతలో సగం వినపడదు, మిగతా సగం చెవులు చిల్లులు పొడుస్తుంది. ఇద్దరు మాట్లాడుకునే చోట ఎవరు ఎవరో ‘అన్నాడు, అంది’ లేకుండానే తెలుస్తోందా అని చూడండి. తెలిస్తే ఆ గొంతు మీకు పనికొస్తుంది.

నాటకంలా పాత్రకో గొంతు, వెనకాల శబ్దాలు పెట్టినవి కూడా దొరుకుతాయి. దారిలో వాటికి నేను ఓటు వెయ్యను. హారన్ పుస్తకంలోదా రోడ్డు మీదిదా తేల్చుకోలేక ఒకసారి ఎగిరి పక్కకి దూకాను. వెనకాల ఏ బండీ లేదు.

సిరీస్ మధ్యలో నేరేటర్ మారడం ఇంకో ఇబ్బంది. లూయీజ్ పెన్నీ రాసే ఇన్‌స్పెక్టర్ గమాష్ నవలలకి మొదటినుంచీ గొంతుగా ఉన్న రాల్ఫ్ కోషమ్ 2014లో చనిపోయాడు, ఆ తర్వాతి నవలలు రాబర్ట్ బాథర్స్ట్ చదివాడు. మొదటి రోజు ఎవరో పరాయివాడు మనవాడి చొక్కా వేసుకుని వచ్చినట్టుంటుంది. అలాంటప్పుడు తీర్పు చెప్పే ముందు రెండు గంటలు ఓపిక పట్టండి. చెవి అలవాటుపడుతుంది.

‘సంక్షిప్తం’ అని ఉందేమో చూసి, ఉంటే వదిలేయండి. కుదించేటప్పుడు ముందు కత్తిరించేవి అక్కర్లేనట్టు కనిపించే వర్ణనలు. ఈ కథల్లో ఆధారాలు దాగేది అక్కడే. కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు ఉచితంగా కావాలంటే 2005 నుంచి వాలంటీర్లు చదివి పెడుతున్న లిబ్రివాక్స్ ఉంది. కొన్ని పుస్తకాల్లో అధ్యాయానికి ఒకరు చదువుతారు, డిటెక్టివ్ పొద్దునకీ సాయంత్రానికీ గొంతు మార్చుకుంటాడు. మొత్తం ఒకరే చదివిన రికార్డింగ్ వెతుక్కోండి.

మీకు సొంతం కాని భాషలో వింటున్నట్టయితే మొదటి పుస్తకానికి వేగం 0.9కి తగ్గించడంలో చిన్నతనం లేదు. యాస పట్టుబడ్డాక పెంచుకోవచ్చు.

4. ఫోన్‌ని సిద్ధం చేయండి

ఇది బయల్దేరేముందు ఇంట్లో చేసుకోవలసిన పని, ఒక్కసారి చేస్తే చాలు.

పుస్తకాన్ని వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ సొరంగంలోనే పోతుంది, సొరంగంలోనే హంతకుడు దొరుకుతాడు. 64 కేబీపీఎస్ నాణ్యతలో గంటకి సుమారు 29 ఎంబీ అవుతుంది, పది గంటల నవల 290 ఎంబీ. అంతకన్నా ఎక్కువ నాణ్యత మాటలకి అక్కర్లేదు.

వెనక్కి జరిపే బటన్‌ని 15 సెకన్లకి పెట్టుకోండి. 30 అయితే విన్నదే ఎక్కువ వినాల్సి వచ్చి విసుగుతో నొక్కడమే మానేస్తాం. ఇయర్‌ఫోన్ మీద రెండుసార్లు తడితే ఏమవుతుందో చూసుకోండి. చాలావాటిలో అది ‘తర్వాతి పాట’. ఆడియోబుక్‌లో తర్వాతి పాట అంటే ఏకంగా తర్వాతి అధ్యాయం. చెవి దగ్గర చెయ్యి పెట్టినప్పుడల్లా కథ అరగంట ముందుకి గెంతుతుంది. దాన్ని ‘వెనక్కి’గా మార్చుకోండి. మీ దగ్గర విడివిడి ఫైళ్లుంటే పేర్లు 01, 02 అని ఉన్నాయో లేదో చూసుకోండి. ఎందుకో మొదట్లోనే చెప్పాను.

వేగం సంగతి. 1.25 పెడితే పది గంటల నవల ఎనిమిది గంటల్లో అయిపోతుంది, కానీ అదేమంత లాభం? మీ ప్రయాణం తొందరగా అయిపోదు కదా. మొదటి గంట మామూలు వేగంలో వినండి, మధ్యలో ఇంటింటికీ తిరిగి సాక్షుల్ని అడిగే చోట కావాలంటే కాస్త పెంచండి, చివర్లో మళ్లీ తగ్గించండి. నిశ్శబ్దాలని కత్తిరించే సెట్టింగ్ మాత్రం కచ్చితంగా ఆపేయండి. ‘ఆ రాత్రి మీరెక్కడున్నారు?’ అని అడిగాక వచ్చే రెండు సెకన్ల మౌనాన్ని నేరేటర్ ఊరికే పెట్టడు.

5. మొదటి గంట ఇంట్లోనే వినండి

సిరీస్‌లో మొదటి పుస్తకం మొదటి గంటని దారిలో పెట్టుకోకండి. ఏ సెలవు రోజో, చేతులు ఇంటి పనిలో ఉన్నప్పుడో వినండి. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పేర్లు రాసుకోండి. చెవికి వినపడినట్టే రాయండి, స్పెల్లింగ్ గొడవ వద్దు. పేరు, అతను ఎవరికి ఏమవుతాడు, గుర్తుకి ఒక ఆనవాలు: ‘కుంటి డాక్టరు, చనిపోయినామె మరిది’. అంతే. ఎవరి మీద అనుమానమో రాయొద్దు, రాసిన అనుమానం మీద పంతం పుడుతుంది.

పేరు సరిగా పట్టుకోలేదని ఇంటర్నెట్‌లో వెతకడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మీరు పేరు సగం టైప్ చేసేలోపే ‘ఎలా చనిపోయాడు’ అని వెతుకుడు పెట్టె తనే పూర్తి చేస్తుంది. ఈ-బుక్ శాంపిల్ తెరిచి మొదటి పేజీల్లో చూసుకోండి. పేర్లు చెవితో వినడంలో ఇంకో సరదా కూడా ఉంది. ఏళ్ల తరబడి అచ్చులో పాయిరాట్ అని చదువుకున్నవాడు ఆడియోలో ప్వారో అని తేలినప్పుడు, కళ్లతో మాత్రమే చదివేవాళ్ల ముందు కాసేపు గర్వపడొచ్చు.

6. రోజూ ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఎత్తుకోవాలి

అధ్యాయం పూర్తయ్యాకే ఆపాలని చాలామంది అనుకుంటారు. క్రైమ్ రచయిత అధ్యాయాన్ని ముగించేదే మీరు ఆపకుండా ఉండటానికి. ‘తలుపు తీసి చూస్తే...’ అని ముగించి వదిలేస్తాడు. దాని వెనక పోతే ఆఫీసు మెట్ల మీద నిలబడిపోతారు. నేను సంభాషణ ఒకటి తేలిన చోట, అధ్యాయం మధ్యలోనే ఆపేస్తాను. మర్నాడు ఎత్తుకోవడం కూడా తేలిక.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రెండు నిమిషాలు వెనక్కి వెళ్లండి. సెలవులు గడిచాక అయితే అయిదు నిమిషాలు. వారం దాటితే ఆ అధ్యాయం మొదటికే. ప్లే నొక్కేముందు ఒక్క క్షణం మనసులో అనుకోండి: ఇప్పుడు ఎక్కడున్నాం, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరి మాట మీద నమ్మకం కలగలేదు.

వింటుండగా మనసు పక్కకి పోతే, పోయిందని ఒప్పుకుని వెనక్కి జరపండి. మిగతా పుస్తకాల్లో ఒక నిమిషం పోతే పోయింది. ఇక్కడ అలా కాదు, ఎందుకంటే ఆధారాన్ని దాచే తీరే అలాంటిది. బల్ల మీద ఉన్న ఏడు వస్తువులు చెబుతూ ముఖ్యమైనదాన్ని నాలుగోదిగా పెడతారు. లేదా ఒక పొంతన లేని మాట అనిపించి, వెంటనే అద్దం పగిలిన చప్పుడో, గట్టి కేకో పెట్టి మన దృష్టి మళ్లిస్తారు. కన్ను జాబితా మీద వెనక్కి వెళ్లగలదు. చెవికి మొదటిదీ చివరిదీ మాత్రమే మిగులుతాయి. కాబట్టి జేబులో ఏమున్నాయో, గదిలో ఏమున్నాయో చదవడం మొదలవగానే చెవులు రిక్కించండి. అక్కర్లేని వర్ణన అనిపించిన చోట బుక్‌మార్క్ నొక్కండి. సాయంత్రం అలిసిపోయి తల పనిచెయ్యని రోజున కథని వదిలేసి పాటలు వినండి, దోషం లేదు.

7. మీ కేసు పోలీసుల దాకా పోకుండా

బండి నడిపేవారు కదలకముందే పుస్తకం పెట్టేసి ఫోన్ ముట్టుకోకూడదు. దారి తికమకగా ఉన్నా, వాన కురుస్తున్నా ఆపేయండి. అప్పుడు ఎలాగూ కథ బుర్రకెక్కదు. నడిచేవారు, సైకిల్ తొక్కేవారు ఒక చెవి ఖాళీగా ఉంచుకోవాలి.

రొదలో వినపడటం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చు, 90 అయితే 4 గంటలే. రోజుకి గంటకి పైగా వినే మనకి రెండోది సరిపోదు. బస్సులోనో రైల్లోనో కూర్చునేటప్పుడు చెవికి బిగువుగా పట్టే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే మాట స్పష్టంగా వినిపిస్తుంది. అలా మూసుకుని కూర్చునే వాళ్లు దిగాల్సిన చోటికి అయిదు నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. నేను పెట్టుకోని రోజున రెండు స్టాపులు దాటిపోయాను.

కార్లో పిల్లలుంటే స్పీకర్ మీద వద్దు. రెండు గంటలు సౌమ్యంగా నడిచిన నవల ఉన్నట్టుండి పోస్ట్‌మార్టం గదిలోకి తీసుకుపోతుంది.

8. చివరి గంటని దాచుకోండి

ఇంకా గంటో గంటన్నరో మిగిలిందనగా దారిలో వినడం ఆపేయండి. ఆ భాగాన్ని ఏ సెలవు రోజు ఉదయపు నడకకో ఉంచుకుని ఒకే ఊపులో వినండి. అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి డిటెక్టివ్ విప్పి చెప్పే సన్నివేశాన్ని సోమవారం సాయంత్రం సగం, మంగళవారం పొద్దున సగం వింటే, తొమ్మిది రోజులు విన్న శ్రమ నీళ్లపాలు. రెండు రోజులు ఆగడం కష్టమే. ఆ రెండు రోజులూ బుక్‌మార్క్‌లు మళ్లీ వినండి, నోట్‌లో పేర్లు చూడండి, హంతకుడెవరో మీరే తేల్చి రాసిపెట్టుకోండి. ఇప్పుడు అనుమానం రాయొచ్చు.

నవల ముగిశాక నేరేటర్ పేరు చెప్పగానే ఆపేయండి. చాలా వాటిలో ఆ వెంటనే తర్వాతి పుస్తకం మొదటి అధ్యాయం రుచి చూపిస్తారు. ఈ కథ ఇంకా చల్లారకముందే కొత్త శవం మీద పడుతుంది. ఒకటి రెండు రోజులు విరామం ఇచ్చి రెండోది మొదలుపెట్టండి. రెండో పుస్తకం ముగిసేసరికి కూడా ఆ డిటెక్టివ్ ఏమైపోయినా మీకు పట్టకపోతే ఇంకో సిరీస్ చూసుకోండి. ‘అయిదో పుస్తకం నుంచి అదిరిపోతుంది’ అనేవాళ్ల మాట వినకండి, వాళ్ల దారి మీ దారికన్నా పొడవై ఉంటుంది.

బాగా నచ్చిన నవల ఏదైనా ఉంటే ఆరు నెలల తర్వాత మళ్లీ వినండి. హంతకుడెవరో తెలిసి వింటున్నప్పుడు వాడి ప్రతి మాటా రెండు అర్థాలతో వినిపిస్తుంది. అందుకని మొదటిసారి పెట్టిన బుక్‌మార్క్‌లు చెరిపెయ్యకుండా ఉంచుకోండి. నేను ఆక్రాయిడ్ రెండోసారి విన్నప్పుడు చూసుకుంటే పద్నాలుగు బుక్‌మార్క్‌లున్నాయి, పదమూడు ఏ పాపమూ ఎరగని వాళ్ల మీద. పద్నాలుగోది జేబులో పొరపాటున నొక్కుకున్నది, అదొక్కటే సరైన చోట ఉంది.